పర్లాకిమిడి మాస్టారి ఇంగ్లీషు

గిడుగు రామమూర్తి పేరు చెప్పగానే వాడుక తెలుగు గుర్తొస్తుంది. ఆయన ఇంగ్లీషు గురించి మాట్లాడేవాళ్లు మాత్రం నాకు పెద్దగా తగల్లేదు. డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, పాతికేళ్లు దాటాక ఇంగ్లీషులో పరిశోధన వ్యాసాలు రాయడం నేర్చుకుంటున్నాను. అందుకే నా కళ్లు ఆ ఇంగ్లీషు మీదే పడ్డాయి.

1863లో పుట్టిన రామమూర్తి మెట్రిక్ ప్యాసై, 1880లో పర్లాకిమిడి రాజావారి బడిలో 30 రూపాయల జీతానికి టీచరుగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఎ., 1896కల్లా బి.ఎ. పూర్తి చేశారు. అప్పటికి ఆయన వయసు 33. ఆయన సున్నా నుంచి మొదలుపెట్టలేదు, నిజమే. బడిలో ఇంగ్లీషు దొరికింది, చదువుకునే కులంలో పుట్టారు. అయినా టీచరుగా చేరినప్పటి నుంచి బి.ఎ. దాకా 16 ఏళ్లు పట్టింది. '30 రోజుల్లో ఇంగ్లీషు' పుస్తకాల మధ్య పెరిగిన మాకు ఈ లెక్క కాస్త ఊరట.

ఆ ఏళ్లలోనే ఆయన పాత లిపులు సొంతంగా నేర్చుకుని ముఖలింగం గుళ్లలోని శాసనాలు చదివారు. కళింగాన్ని ఏలిన గాంగరాజు వజ్రహస్తుడి నడగాం రాగిరేకుల మీద ఆయన రాసిన వ్యాసం 'ఎపిగ్రాఫియా ఇండికా' నాలుగో సంపుటంలో వచ్చింది. శాసనం శక సంవత్సరం 979 నాటిది, అంటే క్రీ.శ. 1057 ప్రాంతం.

ఆ పత్రికలో వ్యాసాలకు ఒక వరస ఉంటుంది. రేకులు ఎక్కడ దొరికాయి, ఎన్ని, లిపి ఏది, భాష ఏది, తేదీ ఏమిటి, ఆ తర్వాత పాఠం. వాక్యాలు పొడిగా, జాగ్రత్తగా ఉంటాయి. తెలిసిందాన్ని 'ఇది' అంటారు, ఊహించిందాన్ని 'కావచ్చు' అంటారు. నన్నడిగితే చదువు ఇంగ్లీషులో సగం ఈ తేడా పట్టుకోవడమే. ఇది స్పోకెన్ ఇంగ్లీషుకి పై మెట్టు కాదు, వేరే మెట్ల వరస. కబుర్లాడే భాష వేరు, చదువుల్లో నెగ్గుకొచ్చే భాష వేరు అని జిమ్ కమిన్స్ 1979లో సిద్ధాంతంగా చెప్పాడు. గ్రాంథికంలో పరీక్షలు రాసి ఇంటికొచ్చి వాడుకలో అన్నం అడిగిన తెలుగువాళ్లకి అది కొత్త సంగతేం కాదు.

చిత్రమేమిటంటే, తెలుగులో ఆ అగాధాన్ని పూడ్చాలని నిలబడ్డ మనిషే ఇంగ్లీషులో దాన్ని ఓపిగ్గా దాటారు. పిల్లలు మాట్లాడే తెలుగులోనే రాయనివ్వమని వాదిస్తూ 1913లో ఆయన వేసిన పుస్తకం 'ఎ మెమొరాండం ఆన్ మోడర్న్ తెలుగు'. అది ఇంగ్లీషులో ఉంది. తెలుగు పరీక్షల సంగతి తేల్చే మద్రాసు పెద్దలు వినే భాష అదే మరి. తెలుగు కోసం కూడా ఇంగ్లీషులోనే అర్జీ పెట్టుకోవాల్సి రావడం నాకిప్పటికీ మింగుడుపడదు. కానీ ఆ ఇంగ్లీషు రాకపోయి ఉంటే ఆ వాదన మద్రాసు బల్ల మీదకి చేరేదా?

పెద్దయ్యాక నేర్చుకోవడం ఆయన ఇంగ్లీషుతో ఆపలేదు. సవరలను దగ్గర పెట్టుకుని సవర భాష నేర్చుకున్నారు. 1931లో మద్రాసు ప్రభుత్వం ఆయన సవర వ్యాకరణాన్ని అచ్చువేసింది. అదీ ఇంగ్లీషులోనే. అప్పటికి ఆయనకు 67 దాటాయి.

ఈమధ్య జూనియర్లు ఏ కోర్సులో చేరమంటావన్నా అని అడుగుతున్నారు. నడగాం వ్యాసం మొదటి పేజీలు ఇస్తున్నాను. మీ ఊళ్లో మీకు మాత్రమే బాగా తెలిసిన వస్తువు ఒకటి ఎంచుకుని, ఇదే వరసలో ఇంగ్లీషులో ఒక పేజీ రాసి తెమ్మంటున్నాను. ఒకమ్మాయి వాళ్ల అమ్మమ్మ మగ్గం గురించి రాసింది. క్రియలు కొన్నిచోట్ల తప్పాయి. 'కావచ్చు'లు మాత్రం సరిగ్గా పడ్డాయి.