వైరు విప్పని వేసవి

కిందటేడాది వసంతం సెలవులకి ఇంటికొచ్చి వెళ్తూ మా అబ్బాయి నాకు రెండు పనులు అప్పగించాడు. ఒకటి, వాడి గదిలో ఏదీ సర్దకూడదు. రెండోది, వెనక డెక్ మీదున్న ఎల్మ్ బోన్సాయ్ కింది కొమ్మకి వాడు చుట్టిన అల్యూమినియం వైరుని జూన్ రాగానే విప్పెయ్యాలి. వేసవంతా వేరే ఊళ్ళో ఇంటర్న్‌షిప్, తను రాలేడు. "మర్చిపోకమ్మా, ఎల్మ్ చాలా తొందరగా లావెక్కుతుంది" అని కారెక్కాక కూడా కిటికీ దించి చెప్పాడు.

మే నెలాఖర్లో రాజమండ్రి నుంచి ఫోనొచ్చింది. అమ్మ స్నానాలగదిలో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. రెండు రోజుల్లో విమానం ఎక్కేశాను. తిరిగొచ్చేసరికి ఆగస్టు చివరికొచ్చింది. అమ్మ లేదు.

మా వారు మాత్రం చెట్టుకి ఒక్కరోజు కూడా నీళ్ళు తప్పలేదు. ఫోన్లో అలారం పెట్టుకుని మరీ పోశారు. అందుకే అది ఏపుగా పెరిగింది, అందుకే వైరు కొమ్మలోకి దిగబడిపోయింది. విప్పబోతే రాలేదు. కట్టర్‌తో చుట్టు చుట్టుగా ముక్కలు చేసి తీశాను. కొమ్మ మీద స్క్రూ మరలా గాడి మిగిలింది. ఫొటో తీసి అబ్బాయికి పంపితే చాలాసేపటికి, "సర్లే అమ్మా, నువ్వున్న పరిస్థితిలో ఎలా గుర్తుంటుంది" అని జవాబిచ్చాడు. వాడు నన్ను తిట్టినా బాగుండేది.

ఆ గాడి మానుతుందా అని వెతకడం మొదలుపెట్టి, నిద్రపట్టని రాత్రుళ్ళు కుండీ చెట్ల చరిత్రలోకి వెళ్ళిపోయాను. ఆ చదివిందే మీతో పంచుకుందామని ఇది రాస్తున్నాను.

బోన్సాయ్ అనగానే మనకి జపానే గుర్తొస్తుంది కానీ, పుట్టిల్లు చైనా. షియాన్ దగ్గర జాంగ్‌హువాయ్ రాకుమారుడి సమాధి ఉంది, క్రీ.శ. 706 నాటిది. 1970ల మొదట్లో దాన్ని తవ్వినప్పుడు గోడల మీద బొమ్మలు బయటపడ్డాయి. అందులో ఒక పరిచారకుడు చేతుల్లో పళ్ళెం పట్టుకుని ఉంటాడు. పళ్ళెంలో చిన్న రాళ్ళు, చిన్న మొక్కలు. అంటే పదమూడు వందల ఏళ్ళ కిందటే ఇది రాజుగారింటి ముచ్చటన్నమాట. చైనా వాళ్ళు ఈ కళని పెన్‌జింగ్ అంటారు, పళ్ళెంలో ప్రకృతి దృశ్యం అని అర్థం.

చెట్టు కొమ్మని మనకి నచ్చినట్టు ఎలా వంచాలి? ఒక్కో ప్రాంతం వాళ్ళు ఒక్కో దారి పట్టారు. యాంగ్‌జౌ వాళ్ళు తాటి జాతి చెట్టు పీచుతో తాళ్ళు పేని, కొమ్మని లేతగా ఉన్నప్పుడే కట్టేవాళ్ళు. అంగుళానికి మూడు వంపులు రావాలని వాళ్ళ లెక్క. అలా కట్టీ కట్టీ కొమ్మల గుబుర్లని పల్చటి మబ్బు తునకల్లా పరిచేవాళ్ళు. మన ఎల్మ్‌ని కూడా ఇలాగే కట్టేవారు. ఫొటోల్లో చూస్తే అబ్బురంగా ఉంటుంది, కానీ నాకెందుకో బిగించి జడేసిన పసిపిల్ల తల గుర్తొచ్చింది.

ఇలా అనిపించింది నాకొక్కదానికే కాదు. గాంగ్ జిజెన్ అని ఒక కవి, మేధావి, 1839లో ఒక చిన్న వ్యాసం రాశాడు. చైనాలో చదువుకున్న వాళ్ళందరికీ తెలిసిన వ్యాసమట. ప్లమ్ చెట్లు వంకర్లు తిరిగి ఉంటేనే అందం, నిటారుగా ఉంటే అందం లేదని పండితులు అంటుంటే, అమ్మేవాళ్ళు చెట్లని నరికి, కట్టి, వంకర్లు తిప్పి అవిటివి చేస్తున్నారని ఆయన బాధ. ఏం చేశాడో చూడండి. మూడొందల కుండీలు కొన్నాడు. ఒక్కటీ ఆరోగ్యంగా లేదు. మూడు రోజులు ఏడ్చాడట. తర్వాత కుండీలు పగలగొట్టి, పీచు కట్లు విప్పి, చెట్లన్నీ నేలలో పాతాడు. అయిదేళ్ళలో వీటిని బాగు చేస్తానని గడువు పెట్టుకున్నాడు. అసలు ఆయన కోపం చెట్ల గురించి కాదు, చదువుకున్న కుర్రాళ్ళని పరీక్షలతో, భయాలతో వంచేసే ప్రభుత్వం మీద. నేరుగా అంటే ఊరుకోరు కాబట్టి చెట్ల మీద పెట్టి చెప్పాడు. ఆయన 1841లో పోయాడు, అయిదేళ్ళ గడువు నిండకుండానే.

ఇది చదివినప్పుడు అమ్మే గుర్తొచ్చింది. ఆసుపత్రిలో అమ్మకి కాలక్షేపంగా ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే ఈ చెట్టు దగ్గర ఆగి, "కడియం నర్సరీల్లో కూడా ఇలాంటివి పెడుతున్నార్లే. పాపం, దాన్ని ఎదగనివ్వరటే?" అంది. మనవడు పెంచుతున్నాడని చెప్పగానే, "వాడా? అయితే బానే చూస్తాళ్ళే" అని మాట మార్చేసింది. అప్పటికి జూన్ రెండో వారం. ఫొటోలో వైరు కనపడుతూనే ఉంది. నాకే కనపడలేదు.

సరే, అసలు విషయానికొస్తాను. లోహపు తీగ చుట్టడం అంత పాత పద్ధతేమీ కాదు. పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జపాన్‌లో రాగి తీగతో బాగా వ్యాపించింది. వాళ్ళకి పైన్ చెట్లంటే ప్రాణం. పైన్‌ని ఆకుల్లేని ముదురు కొమ్మ దాకా కత్తిరిస్తే మళ్ళీ చిగురెయ్యదు, కొమ్మ చచ్చిపోతుంది. కాబట్టి వంచడమే దారి.

ఎల్మ్ అలా కాదు. ఎక్కడ కోస్తే అక్కడ చిగురేస్తుంది, ముదురు చెక్కలోంచి కూడా. దీన్ని ఆధారం చేసుకునే దక్షిణ చైనాలో, గ్వాంగ్‌జౌ చుట్టుపక్కల, లింగ్నాన్ పద్ధతి వచ్చింది. 1930ల నుంచి దీనికి రూపం ఇచ్చినవాళ్ళలో ఇద్దరి పేర్లు ముఖ్యంగా చెబుతారు. ఒకరు కోంగ్ తైచు. రెండోవారు సురెన్ అనే బౌద్ధ సన్యాసి, హైచువాంగ్ ఆలయంలో ఉండేవారు. కోంగ్ చెట్లు గుబురుగా, మర్రిమాను ఠీవితో ఉంటే, సురెన్ చెట్లు సన్నగా, పొడుగ్గా, నాలుగే నాలుగు కొమ్మలతో ఉంటాయి. ఇద్దరి చేతిలోనూ ఉన్నది కత్తెరే.

పద్ధతి వినడానికి చాలా సులువు. కొమ్మని ముట్టుకోకుండా ఇష్టమొచ్చినట్టు పెరగనివ్వాలి, ఏడాదో రెండేళ్ళో. మానుకి తగినంత లావు వచ్చాక, ఒకటి రెండు కణుపులు మాత్రం వదిలి మొదలంటా కోసెయ్యాలి. ఆ కణుపు ఏ వైపుంటే కొత్త చిగురు ఆ వైపు పోతుంది, అదే వంపు. ఆ చిగురు మొదటి ముక్క కన్నా కాస్త తక్కువ లావుకి రాగానే మళ్ళీ కొయ్యాలి, ఈసారి ముక్క పొడుగు కూడా తగ్గాలి. అక్కణ్ణించి రెండు చిగుళ్ళు, వాటి నుంచి నాలుగు. ఒక్కో మెట్టుకీ సన్నబడుతూ, పొట్టవుతూ పోవాలి. అలా వచ్చిన కొమ్మల ఆకారాలకి లేడికొమ్ములనీ కోడికాళ్ళనీ పేర్లు కూడా పెట్టుకున్నారు. ఈ పనితనం కనపడాలని ఆకులన్నీ దూసేసి, బోసి చెట్టునే ప్రదర్శనలో పెడతారట. మనం పూలూ ఆకులూ చూపించుకుంటాం, వాళ్ళు కొమ్మలు చూపించుకుంటారు.

గ్వాంగ్‌జౌ ఇంచుమించు కర్కటరేఖ మీద ఉంటుంది, చెట్టు దాదాపు ఏడాదంతా పెరుగుతుంది. మా మేరీల్యాండ్‌లో నవంబరు నుంచి మార్చి దాకా నిద్రే. అక్కడ ఒక ఏడాదిలో అయ్యేది ఇక్కడ రెండేళ్ళు పట్టచ్చు. ఇంకో చిక్కుంది. ఎల్మ్‌కి బలమంతా తలకే పోతుంది. పై కొమ్మలు లావెక్కి, కిందివి సన్నగా ఉండిపోతాయి. నిజం చెట్టులో కింది కొమ్మే పెద్దది కదా, ఆ లెక్క తప్పితే అది చెట్టులా కాక, చీపురుకి కాళ్ళొచ్చినట్టు ఉంటుంది. అందుకని పైన గట్టిగా కొయ్యాలి, కింద వదిలెయ్యాలి. మా చెట్టు కింది కొమ్మ అసలే సన్నం, పైగా గాడి పడింది.

అన్నట్టు, మా వెనక వీధి పేరు ఎల్మ్ స్ట్రీట్. ఒక్క ఎల్మ్ చెట్టు లేదు. అమెరికా వీధులకి ఒకప్పుడు పందిరి వేసిన ఎల్మ్‌లని డచ్ ఎల్మ్ తెగులు తినేసింది. 1930లో ఒహాయోలో మొదటిసారి కనపడింది. తెగులుకి డచ్ వాళ్ళ పేరు రావడం చిత్రం, వాళ్ళు చేసిందల్లా దాని గుట్టు కనిపెట్టడమే. నెదర్లాండ్స్ తొలి మహిళా ప్రొఫెసర్ యోహానా వెస్టర్‌డైక్ ప్రయోగశాలలో బేయా ష్వార్ట్స్ అనే విద్యార్థిని 1920ల మొదట్లో కారణం ఫంగస్ అని తేల్చింది. చాలామంది శాస్త్రవేత్తలు నమ్మలేదు. తర్వాత అదే ప్రయోగశాలలో క్రిస్టీన్ బయిస్మన్ అనే ఇంకో అమ్మాయి ఆ మాట నిజమని రుజువు చేసింది. చైనీస్ ఎల్మ్ ఆ తెగులుని బాగా తట్టుకుంటుంది. మన ఊళ్ళలో గుండ్రటి కాగితపు రెక్కల కాయలు రాల్చే నెమలినార చెట్టు కూడా ఈ కుటుంబానిదే. చిన్నప్పుడు ఆ కాయలు గాల్లోకి ఎగరేసి ఆడుకున్నాను, దాని పిన్ని కొడుకుని ఇక్కడ కుండీలో పెంచుతానని అప్పుడేం తెలుసు.

అక్టోబర్లో ఒక ఆదివారం మా వారు నన్ను బలవంతాన వాషింగ్టన్ నేషనల్ ఆర్బొరేటమ్‌కి తీసుకెళ్ళారు. అక్కడ 1976లో జపాన్ ఇచ్చిన 53 బోన్సాయ్‌లతో మొదలైన మ్యూజియం ఉంది. అందులో 1625 నుంచి పెరుగుతున్న ఒక పైన్ ఉంది. హిరోషిమాలో బాంబు పడ్డప్పుడు యమాకి గారింటి గోడ చాటున బతికిపోయింది. ఇచ్చేటప్పుడు ఆ కుటుంబం ఆ మాట పెద్దగా చెప్పుకోలేదు. 2001లో మనవలు చూడ్డానికి వచ్చినప్పుడుగానీ అక్కడివాళ్ళకి ఆ కథ తెలియలేదట. మా వారు దాని దగ్గరే నిలబడిపోయారు. నేను మాత్రం చైనా మంటపం వైపు వెళ్ళాను. లింగ్నాన్ పద్ధతి గురించి 1969లోనే ఇంగ్లీషు, చైనీసు రెండు భాషల్లో పుస్తకం వేసిన హాంకాంగ్ బ్యాంకరు వూ యీ-సన్ పేరు మీద ఉంది ఆ మంటపం. ఆయన తన చెట్లలో కొన్నిటిని 1986లో ఈ మ్యూజియానికి ఇచ్చారు. ఒక చెట్టు కొమ్మల దగ్గరికి వంగి చూశాను. వంపు వంపుకీ పాత కోత మచ్చ ఉంది. మానిపోయి, బెరడు కమ్మేసి, వెతికితేనే కనపడుతోంది.

ఇంటికొచ్చి అబ్బాయికి ఫోన్ చేశాను. గాడి మొదలయ్యే చోటికి ముందే, మాను పక్కన, రెండు కణుపులున్నాయి, అక్కడికి కోసేస్తానన్నాను. అంటే వాడు నాలుగేళ్ళు పెంచిన కొమ్మలో బొటనవేలంత మిగులుతుంది.

"మొత్తం కోసేస్తావా?"

"నువ్వొద్దంటే కొయ్యను."

కాసేపు మాట్లాడలేదు. "చలికాలం చివర్లో కొయ్యి. ఇప్పుడు కాదు. పేస్ట్ నా టేబుల్ సొరుగులో ఉంది" అన్నాడు. ఆ తర్వాత, ఇన్నాళ్ళలో మొదటిసారి, అమ్మమ్మ చివర్లో ఏమందో చెప్పమన్నాడు. గంటన్నర మాట్లాడుకున్నాం.

ఫిబ్రవరి చివర కోశాను. చెయ్యి వణికింది, కోత కాస్త ఏటవాలుగా వచ్చింది. ఏప్రిల్లో అయిదు చిగుళ్ళు వచ్చాయి. వాడు చెప్పినట్టు బయటి వైపువి రెండు ఉంచి మిగతావి గిల్లేశాను. తల మీద కొమ్మల్ని రెండేసి ఆకులకి కత్తిరిస్తూ, కింద ఈ రెంటినీ మాత్రం ముట్టుకోవడం లేదు. ఇప్పుడొకటి జానెడు పొడుగై, కుండీ దాటి డెక్ చువ్వల మధ్యలోంచి బయటికి పోయింది. చూడ్డానికి వికారంగా ఉంది. పక్కింటావిడ అది కత్తిరించవా అని రెండుసార్లు అడిగింది.

మొన్న వాడొచ్చి, బ్యాగు కింద పెట్టకుండానే వెళ్ళి ఆ చిగురు మొదలు వేళ్ళతో నొక్కి చూశాడు. "ఇంకా పెన్సిలంతైనా రాలేదు, వచ్చే ఏడాదిక్కూడా కొయ్యద్దు" అన్నాడు. వాడి గది తలుపు తీసి చూసి, "ఏమీ సర్దలేదు కదా" అని కూడా అడిగాడు. దుప్పటి ఒక్కటీ ఉతికానని ఇంకా చెప్పలేదు.