అడవి సంపాదించిన తొలి నేస్తం

చరిత్ర పాఠం ఎక్కువగా రాజుతోనో, నాగలితోనో మొదలవుతుంది. అంతకు ముందు అడవుల్లో వేటాడి, దుంపలు తవ్వుకుని, తేనె తీసుకుని బతికినవాళ్లకు ఒకటి రెండు పేజీలు దక్కుతాయి. ఆ పేజీల్లో కూడా వాళ్లకు తెలియనివే ఎక్కువగా ఉంటాయి. వ్యవసాయం తెలియదు, లోహం తెలియదు, లిపి తెలియదు. అయితే వాళ్లు చేసిన ఒక గొప్ప పని గురించి మన పిల్లలకు చెప్పాలి.

మనిషి మచ్చిక చేసుకున్న మొట్టమొదటి జంతువు కుక్క. ఆవు, మేక, గొర్రె, కోడి అన్నీ ఆ తర్వాతే వచ్చాయి. వ్యవసాయం మొదలై సుమారు 11,000 ఏళ్లు అయింది. కుక్క కనీసం 14,000 ఏళ్ల నుంచి మనిషితో ఉంది. కాబట్టి తోడేలు జాతి నుంచి ఒక నేస్తాన్ని సంపాదించినవాళ్లు రైతులూ కాదు, రాజులూ కాదు. వేటాడి బతికిన అడవి మనుషులు. అప్పుడు గోడలు లేవు, కంచెలు లేవు. కొట్టి లొంగదీస్తే పారిపోవడానికి చుట్టూ అడవే ఉంది. అయినా అది మనిషి దగ్గరే ఉండిపోయిందంటే, వాళ్ల మధ్య నమ్మకం కుదిరిందనే అనుకోవాలి.

ఆ నమ్మకానికి గట్టి సాక్ష్యం ఒకటి జర్మనీలో దొరికింది. బాన్ నగరం పక్కన ఒబర్‌కాసెల్ అనే చోట 1914లో రాళ్లు తవ్వుతుంటే ఒక పాత సమాధి బయటపడింది. అది సుమారు 14,000 ఏళ్ల నాటిది. అందులో ఒక పురుషుడు, ఒక స్త్రీ, వాళ్లతో పాటు ఒక కుక్కపిల్ల ఎముకలు ఉన్నాయి. ఆ పిల్ల ఏడు నెలల వయసులోపే చనిపోయింది. దాని పళ్లను పరీక్షించినవాళ్లు దానికి డిస్టెంపర్ అనే జబ్బు చేసిందనీ, కొన్ని వారాల పాటు బాధపడిందనీ గుర్తించారు. ఎవరో ఒకరు శుభ్రం చేసి, నీళ్లు పట్టి, వెచ్చగా ఉంచకపోతే అన్ని రోజులు బతికేది కాదు. జబ్బుపడిన పిల్ల వేటకు పనికిరాదు, కాపలాకూ పనికిరాదు. అయినా దానికి సేవ చేశారు. పనికొస్తేనే ప్రేమ అనే లెక్క వాళ్లకు లేదు.

మన దేశంలో కూడా ఇలాంటి గుర్తులున్నాయి. కాశ్మీర్‌లోని బుర్జహోంలో నాలుగు వేల ఏళ్ల కిందటి సమాధుల్లో మనుషులతో పాటు కుక్కలను పూడ్చిపెట్టారు. తమిళనాడులోని ఎడుత్తనూరులో పల్లవ రాజు మహేంద్రవర్మ కాలం నాటి వీరగల్లు ఉంది. పశువుల కోసం జరిగిన పోరులో యజమాని చనిపోతే, అతని కుక్క దొంగలను కరిచి ఎదిరించిందని దాని మీద రాశారు. కుక్క పేరు కూడా చెక్కారు, కోవివన్ అని. కర్ణాటకలో క్రీ.శ. 949–950 నాటి ఆతకూరు శాసనం ఇంకా ముందుకు వెళ్లింది. యుద్ధంలో గెలిచిన మనలేర అనే వీరుడు తన రాజును బహుమతిగా కాళి అనే వేటకుక్కను అడిగాడు. ఆ కుక్క ఒక అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చనిపోయింది. మనలేర దాని కోసం రాయి నిలిపి, ఆ రాయికి పూజ జరగడానికి భూమి ఇచ్చాడు. ఎంతోమంది మనుషుల పేర్లు చెరిగిపోయాయి. ఈ రెండు కుక్కల పేర్లు రాతి మీద నిలిచాయి.

తెలుగులో తొలి కావ్యంగా చెప్పుకునే మహాభారతంలో కూడా మొదట్లోనే ఒక కుక్క మాట్లాడుతుంది. నన్నయ 11వ శతాబ్దంలో రాజమహేంద్రవరంలో రాసిన ఆదిపర్వంలో ఉంది ఆ కథ. జనమేజయుడు యాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్క ఆడుకుంటూ వస్తుంది. రాజు తమ్ముళ్లు దాన్ని కొడతారు. అది ఏడుస్తూ తల్లి సరమ దగ్గరికి పోతుంది. సరమ నేరుగా రాజు దగ్గరికే వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీస్తుంది. మంచిచెడ్డలు ఆలోచించకుండా సాధువులకూ పేదలకూ కీడు చేసేవాళ్లకు ఊహించని భయాలు వచ్చి పడతాయని చెప్పి వెళ్లిపోతుంది. ఆ మాటకు అంతటి రాజూ కలత పడతాడు.

ఇదే తెలుగులో సుమతీ శతక పద్యం ఒకటి కూడా ఉంది. కుక్కను బంగారు సింహాసనం మీద కూర్చోబెట్టి పట్టం కట్టినా దాని పాత గుణం పోదని దాని భావం. ఈ పద్యం బట్టీ పట్టించేటప్పుడు ఉపాధ్యాయులు ఒక్క క్షణం ఆగాలి. పుట్టుకతో వచ్చింది మారదనే మాట ఎవరి మీద వాడుతూ వచ్చారో మనకు తెలుసు. చదువుకుని పైకొచ్చిన గిరిజన యువకుడిని చూసి ఇదే పోలిక తెచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుక్క పేరును తిట్టుగా వాడే నోరే మనిషిని కూడా చిన్నచూపు చూస్తుంది. అందుకే ఆ పద్యం పక్కన సరమ కథ కూడా చెప్పాలి. తప్పు చేయనివాడిని కొట్టకూడదని రాజుకు నేర్పింది కుక్కే.

నల్లమల చెంచుల మీద హైమండార్ఫ్ పుస్తకం 1943లో వచ్చింది. విల్లుతో, కుక్కతో వేటకు వెళ్లే చెంచులు అందరికీ తెలిసినవాళ్లే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట లేదు. అయినా కుక్క మనల్ని వదిలిపోలేదు. పోడు చేనుకు అడవిపంది వస్తే మంచె మీది మనిషి కంటే ముందు మొరిగేది అదే. మేకల వెంట వెళ్లేదీ, చీకట్లో గుడిసె ముందు పడుకునేదీ అదే. మన భాష, మన బట్టలు, మన కులం అది అడగదు. మనం దానితో ఎలా ఉన్నామో అది మాత్రం గుర్తుపెట్టుకుంటుంది.

జీవుల పట్ల దయ చూపడం పౌరుల ప్రాథమిక విధి అని రాజ్యాంగంలోని 51ఎ అధికరణ చెబుతోంది. దయ అంటే ముద్ద పెట్టడంతో సరిపోదు. ఏటా రేబిస్ టీకా వేయించాలి. కుక్క కరిస్తే పసర్లు పూసి ఊరుకోకుండా గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో పావుగంట కడిగి ఆస్పత్రికి వెళ్లాలి. వన్యమృగాలకు జబ్బులు అంటకుండా కుక్కలను అభయారణ్యంలోకి వదలకూడదు. ఇవన్నీ బడిలో చెప్పవలసిన పాఠాలే.

వాటితో పాటు పిల్లలతో ఒక పని చేయించవచ్చు. తాతలను, అవ్వలను అడిగి తమ ఊరి పాత కుక్కల పేర్లు, వాటి కథలు రాసుకు రమ్మనాలి. రాతి మీద చెక్కించే స్తోమత మన పెద్దలకు లేకపోయింది. నోటుపుస్తకంలో రాసే చదువు మన పిల్లలకు ఉంది. దయను, గౌరవాన్ని మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కరలేదు. తొలి నేస్తాన్ని సంపాదించిన అడవిలోనే వాటి మూలాలు ఉన్నాయి.