కొట్టుకునే గుండెను అందుకున్న సీటీ

గుండె కండరానికి రక్తాన్ని అందించే కరోనరీ ధమనులను బతికున్న మనిషిలో విడిగా చూడగలగడం 1958 అక్టోబరు 30న, అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో, పొరపాటున మొదలైంది. డాక్టర్ మేసన్ సోన్స్ బృహద్ధమనిలోకి పంపదలచిన రంగు మందు, అంటే ఎక్స్‌రేలో రక్తనాళం ఆకారాన్ని చూపే ద్రవం, కాథెటర్ అనే సన్నని గొట్టం కొన పక్కకు జరగడంతో నేరుగా కుడి కరోనరీ ధమనిలోకి పోయింది. గుండె కొన్ని సెకన్లు ఆగిపోయినా, రోగి చేత గట్టిగా దగ్గించగానే మళ్లీ కొట్టుకోసాగింది. ప్రాణాంతకమని భయపడిన ఆ పనే తరువాత యాంజియోగ్రామ్‌గా స్థిరపడింది గానీ, ధమనిలోకి గొట్టం దూర్చడం మాత్రం తప్పలేదు.

గొట్టం అక్కరలేని దారికి మూలం లండన్‌లో ఉంది. 1971 అక్టోబరు 1న వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, ఈఎంఐ సంస్థ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సీటీ స్కాన్ యంత్రం తొలిసారి ఒక రోగి మెదడును పొరలు పొరలుగా చూపించింది. ఒక్కో పొరకు నిమిషాలు పట్టినా పుర్రెలో కదలక ఉండే మెదడుకు అది సరిపోయింది. నిమిషానికి డెబ్భైసార్లు కొట్టుకునే గుండె మీది మూడు నాలుగు మిల్లీమీటర్ల ధమనులను ఆ వేగంతో తీస్తే మసక తప్ప మరేమీ మిగలదు.

ఆ తరువాతి చరిత్రంతా ఈ సమయాన్ని కుదించే ప్రయత్నమే. 1980లలో డగ్లస్ బాయిడ్ బృందం ఎక్స్‌రే గొట్టాన్ని తిప్పడం మానేసి, ఎలక్ట్రాన్ల పుంజాన్నే వంచి తిప్పే యంత్రాన్ని తయారుచేయగా, ఒక పొరకు సెకనులో పదో వంతు చాలింది. దాని ఆధారంగానే 1990లో ఆర్థర్ అగాట్‌స్టన్ తదితరులు, ధమని గోడల్లో పేరుకున్న కాల్షియాన్ని లెక్కగట్టే స్కోరును ప్రతిపాదించారు. నీటిని 0గా, గాలిని -1000గా తీసుకునే హౌన్స్‌ఫీల్డ్ కొలమానంలో 130కి చేరిన మచ్చల వైశాల్యాన్ని, సాంద్రతను బట్టి 1 నుంచి 4 వరకు ఇచ్చే అంకెతో హెచ్చించి కూడితే ఆ స్కోరు వస్తుంది. రంగు మందు కూడా అవసరం లేని ఈ పరీక్ష పూడిక ఉన్నదని చెబుతుందే గాని నాళం ఎంత ఇరుకైందో చెప్పదు. కాల్షియం చేరని మెత్తని కొవ్వు దానికి కనిపించదు.

ఆ లోటు, రంగు మందు వాడి ధమనులను చూసే సీటీ యాంజియో రూపంలో, 1998లో వచ్చిన నాలుగు వరుసల డిటెక్టర్ల స్కానర్లతో తగ్గడం మొదలై, 2004 నాటి 64 వరుసల యంత్రాలతో చాలావరకు తీరింది. స్కానును ఈసీజీతో అనుసంధానించి, రెండు స్పందనల నడుమ గుండె సడలి దాదాపు నిశ్చలంగా ఉండే క్షణంలోని చిత్రాన్నే ఎంచుకుంటారు. యంత్రం ఇంత వేగం పుంజుకున్నా, మెటోప్రొలాల్ వంటి మందుతో రోగి గుండెను నెమ్మదింపజేసే అలవాటు పోలేదన్నది గమనించదగ్గ విషయం.

అయితే బొమ్మ బాగా రావడం వేరు, దానివల్ల రోగికి మేలు జరగడం వేరు. ఛాతీ నొప్పితో వచ్చిన 4,146 మందిపై స్కాట్లాండ్‌లో జరిగిన స్కాట్-హార్ట్ అధ్యయనం 2018లో వెలువరించిన ఫలితాల ప్రకారం, ఐదేళ్లలో గుండెపోటు లేదా హృద్ధమని వ్యాధి మరణం మామూలు వైద్యం పొందినవారిలో 3.9 శాతం కాగా, సీటీ కూడా చేయించుకున్నవారిలో 2.3 శాతమే. స్టెంట్లు, బైపాస్‌లు రెండు వర్గాల్లోనూ ఇంచుమించు సమానమే కనుక, ఈ మేలులో ఎక్కువ భాగాన్ని పూడిక కంటబడ్డాక మొదలుపెట్టిన స్టాటిన్, ఆస్పిరిన్ మందులకే ఆపాదించాలి. బ్రిటన్‌లో వైద్య ప్రమాణాలను నిర్దేశించే నైస్ సంస్థ, నొప్పి గుండెదేమోనన్న అనుమానంతో కొత్తగా వచ్చేవారికి సీటీ యాంజియోనే మొదటి పరీక్షగా అంతకుముందే, 2016లో, సిఫారసు చేసింది.