యుద్ధం ఆటలో లెక్కలు ఎవరు కట్టాలి?

ఈ ఎపిసోడ్ వెనక నాకు జరిగిన ఒక చిన్న అవమానం ఉంది, ముందు అది చెప్పేస్తాను. కొన్నేళ్ల కిందట, 1941లో జర్మనీ రష్యా మీదకి వెళ్లిన యుద్ధం గురించి ఒక పెద్ద కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్ కొన్నాను. పేరు వద్దులెండి. మూడు రోజులు కూర్చుని మాన్యువల్ చదివాను. నాలుగో రోజు నా సైన్యం ఒక నది దాటాక ఆగిపోయింది. ఎందుకు ఆగిందో తెలీదు. ఆయిల్ అయిపోయిందా, బురదా, నేనేమైనా బటన్ మర్చిపోయానా? స్క్రీన్ నిండా అంకెలే, జవాబు మాత్రం లేదు. గేమ్ మూసేసి ఫోన్‌లో క్యారమ్స్ ఆడుకున్నాను.

యుద్ధం అంటేనే గజిబిజి. దాన్ని ఆటగా మార్చేటప్పుడు ఎంత గజిబిజి ఉంచాలి, ఎంత తీసేయాలి? ఈ తగువు కంప్యూటర్లతో మొదలైంది కాదు, రెండు వందల ఏళ్లు దాటింది.

మన చతురంగం పేరులోనే సైన్యం ఉంది కదా, నాలుగు అంగాలు. అది తిరిగి తిరిగి యూరప్ చేరింది. 1780లో జర్మనీలో హెల్విగ్ అనే ఆయనకి 64 గళ్లు చాల్లేదు. 1,617 గళ్ల బోర్డు తయారుచేశాడు. కొండలు, నదులు, ఫిరంగులు, అన్నీ పెట్టేశాడు. ఆడేవాళ్ల సంగతి దేవుడెరుగు.

అసలు మలుపు ప్రష్యాలో వచ్చింది. రైస్‌విట్జ్ అనే తండ్రి 1812లో రాజుకి ఒక యుద్ధం ఆట చూపించాడు. సైన్యంలో ఆఫీసర్ అయిన కొడుకు దాన్ని మార్చి 1824లో బయటికి తెచ్చాడు. అదే క్రీగ్‌స్పీల్. అందులో నిజమైన మ్యాప్ పెట్టాడు, స్కేలు 1:8000. ఒక టర్ను అంటే రెండు నిమిషాల యుద్ధం. పాచికలు, నష్టాల పట్టికలు, దూరాల కొలతలు, ఇదంతా వింటే తల తిరుగుతుంది కదా? కానీ ఆడేవాడికి ఇందులో ఒక్క రూలూ తెలియక్కర్లేదు! "ఆ గుట్ట వెనక నుంచి గుర్రపు దళాన్ని పంపండి" అని మామూలు భాషలో చీటీ రాసి ఇస్తే చాలు. మధ్యలో అంపైర్ ఉంటాడు. కొలిచేది, పాచికలు వేసేది, పట్టికలు చూసేది ఆయనే. తర్వాత, నీ సైనికులకి ఏం కనబడుతుందో అంతవరకే నీకు చెప్తాడు. నిజం జనరల్‌కి కూడా అంతే కదా తెలిసేది. నాకైతే ఈ మొత్తం చరిత్రలో ఇంతకన్నా తెలివైన ఏర్పాటు కనబడలేదు.

మరి అంపైర్ గతి? పాపం, ఆయన నడుం విరిగింది. నిమిషాల్లో అయ్యే దాడికి ఎంతోసేపు లెక్కలు కట్టాలి. 1870లలో మెకెల్ అనే ఆఫీసర్ ఈ రూళ్ల గోల మీద గట్టిగా విమర్శ రాశాడు. 1876లో వెర్డీ డు వెర్నాయిస్ ఇంకో అడుగు వేసి, పట్టికలూ పాచికలూ పక్కనపెట్టి, యుద్ధం చూసిన అంపైర్ తన అనుభవంతో తీర్పు చెప్తే చాలన్నాడు. ఆట పరుగెత్తింది. కాకపోతే ఆ అంపైర్ మీ పై ఆఫీసర్ అయితే ఆయన తీర్పుతో ఎవరు వాదిస్తారు చెప్పండి?

తర్వాత అమెరికాలో బోర్డు గేములు వచ్చాయి. 1954లో చార్లెస్ రాబర్ట్స్ 'టాక్టిక్స్' అమ్మడం మొదలుపెట్టాడు. ఇక్కడ అంపైర్ లేడు, లెక్కలన్నీ ఆడేవాళ్లవే. అది పెరిగి పెరిగి 1979లో 'ది క్యాంపెయిన్ ఫర్ నార్త్ ఆఫ్రికా' దాకా వెళ్లింది. మొత్తం ఆడాలంటే 1,500 గంటలని చెప్తారు. ఎడారిలో ఇటాలియన్ దళాలకి పాస్తా ఉడకబెట్టుకోవడానికి అదనంగా నీళ్లివ్వాలని అందులో నిజంగానే ఒక రూలు ఉంది.

అందుకే కంప్యూటర్ వస్తే హమ్మయ్య, అలసిపోని అంపైర్ దొరికాడు అనుకున్నారు. 1981లో క్రిస్ క్రాఫర్డ్ అటారీ కోసం 'ఈస్టర్న్ ఫ్రంట్ (1941)' చేశాడు. మెమరీ 16 కిలోబైట్లు. ఇవాళ మీ వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫొటో కూడా అంతకన్నా పెద్దది. జాయ్‌స్టిక్‌తో ఆదేశాలివ్వడమే. సప్లై, చలికాలం లెక్కలు లోపల నడుస్తాయి. మీరు ఆలోచిస్తున్నంతసేపూ కంప్యూటర్ కూడా తన ఎత్తులు సరిచేసుకుంటూ ఉంటుంది. చోటు లేకపోవడం వల్ల ఏది ముఖ్యమో ఆయన తేల్చుకోక తప్పలేదు.

చోటు పెరిగాక ఏమైంది? 2004 నాటి 'వార్ ఇన్ ది పసిఫిక్' చూడండి. ఒక టర్ను అంటే ఒక రోజు, యుద్ధం మొత్తం ఆడితే వెయ్యికి పైగా టర్నులు. ఏ ఓడ ఎటు వెళ్లాలో మీరే చెప్పాలి. ఇక్కడే నాకు పేచీ. లెక్కలు కంప్యూటర్ కడుతోంది, బాగుంది. కానీ ఆదేశాలు? నిజం అడ్మిరల్ చుట్టూ గదినిండా స్టాఫ్ ఉంటారు. ఇక్కడ ఆ స్టాఫ్ పని అంతా మనదే.

1994లో 'పాంజర్ జనరల్' దీనికి పూర్తి ఉల్టా. ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు. గెలిచిన దళాలు అనుభవంతో తర్వాతి యుద్ధానికి వస్తాయి, వాటి మీద ప్రేమ కూడా పుడుతుంది. చాలామంది ఈ ఆటలకి వచ్చిందే దాంతో. కానీ సప్లై అంటే యూనిట్ పక్కన చిన్న అంకె అయిపోయింది.

నాకు దారి చూపింది 2011లో వచ్చిన 'యూనిటీ ఆఫ్ కమాండ్'. స్టాలిన్‌గ్రాడ్ ప్రాంతం యుద్ధం. రూళ్లు తక్కువే, కానీ సప్లై ఎక్కడిదాకా చేరుతుందో మ్యాప్ మీదే కనబడుతుంది. 1942 నవంబర్‌లో సోవియట్ సైన్యం స్టాలిన్‌గ్రాడ్ నగరాన్ని వదిలి, రెండు పక్కలా ఉన్న రొమేనియా దళాల మీద ఎందుకు పడిందో చరిత్ర పుస్తకంలో చదివి బట్టీ పట్టాను. వెనక దారి తెగగానే పెద్ద జర్మన్ సైన్యం కూడా ఎలా ఎండిపోతుందో నా వేలితో చేశాకే అర్థమైంది. అందులో ఓడినా ఎందుకు ఓడానో కనబడుతుంది. పాత అంపైర్‌ని అడిగితే చెప్పేవాడు కదా, అలాగన్నమాట.

మొన్న ఆ మొదటి గేమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేశాను. నది దాటాక సైన్యం ఎందుకు ఆగిందో దొరికింది, మాన్యువల్‌లో ఎక్కడో మధ్య పేజీలో. రష్యా రైలు పట్టాల వెడల్పు ఎక్కువ, జర్మన్ రైళ్లు వాటి మీద నడవవు. పట్టాలు మార్చుకుంటూ వెళ్తేనే వెనక నుంచి సరుకు వస్తుంది. 1941లో జర్మన్లకి అచ్చంగా ఎదురైన తలనొప్పే అది! ఆ గేమ్‌లో ఉన్న అతి మంచి చరిత్ర పాఠం అదే, నాకు చెప్పకుండా దాచేసింది. పట్టాల పనివాళ్లని ముందుకి పంపాను. సైన్యం కదిలింది. ఈలోగా మంచు మొదలైంది.