డబ్బాలో మూడు మిరియాలు

పదకొండో పుల్ల కూడా వెలగలేదు. మందు కాస్తా ఊడి, అగ్గిపెట్టె పక్క పట్టీ మీద బురదలా అంటుకుంది. పెట్టెను చొక్కా లోపల దోపుకుని, ఒంటి వేడికి ఆరుతుందేమోనని కాసేపు చూశాడతను. ఒళ్లే తడిసి ఉంది.

2022 జూలై 15, శుక్రవారం. చీకటి పడుతోంది. గుట్ట కింద ఊరుండాల్సిన చోట నీళ్లు. తాడిచెట్ల తలలు, బడి కప్పు మాత్రం కనిపిస్తున్నాయి. గోదావరిలో కలవాల్సిన శబరి, కలవడానికి చోటు లేక వెనక్కి తన్ని పొలాల మీద పరుచుకుంది. ఎగువన భద్రాచలంలో నీరు 53 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ సాయంత్రం అక్కడ నది 70 అడుగుల దరిదాపుల్లో ఉంది. అక్కడి వంతెన మీద రాకపోకలు ఆపేశారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ కథలోని కుటుంబం ఏ ఒక్కరిదీ కాదు. ఆ వారం కూనవరం, వీఆర్‌పురం, వేలేరుపాడు వైపు గుట్టలెక్కి బరకాల కింద తలదాచుకున్నవాళ్ల రాత్రుల్ని ఊహలో ఒక్క పొయ్యి దగ్గరకు చేర్చాను. 2014 దాకా ఖమ్మం జిల్లాలో ఉండి, ఆంధ్రప్రదేశ్‌కు మారిన మండలాలివి. నీటి లెక్కలు మాత్రం జరిగినవి జరిగినట్టే.

బరకం కింద ఐదుగురు. కొడుకు, కోడలు, ఇద్దరు పిల్లలు, ముసలామె. బియ్యం మూట తెచ్చుకున్నారు, గిన్నె తెచ్చుకున్నారు. గ్యాస్ బండ ఇంట్లోనే ఉండిపోయింది. కిరోసిన్ సంగతి చెప్పక్కర్లేదు, రేషన్ షాపులో దాని వాసన తగిలి ఏళ్లయింది. బియ్యం నానబెట్టి తినిపిద్దామా అని కోడలు అడిగింది. ముసలామె జవాబివ్వలేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులు పారినప్పుడు ఆమె ఇదే గుట్ట మీద ఉంది.

పక్క బరకంలో లైటర్ దొరికింది. అదీ తడిసిందే, చక్రం తిరుగుతోంది గాని నిప్పురవ్వ రాలడం లేదు. పొడిబట్టకు రుద్ది, ఊది, మళ్లీ రుద్దితే ఎప్పటికో వెలిగింది. కొడుక్కి ప్రాణం లేచొచ్చింది. తలగడ చింపి బూరుగు దూది పిడికెడు తీశాడు. అంటించగానే భగ్గుమంది. పైన పుల్ల పెట్టేలోపే బూడిదైంది.

“అది అంటుకోడానికి పనికొస్తది గాని, నిలబడదురా,” అంది ముసలామె.

ఆ ఒక్క ముక్కలో చాలా ఉంది. చెకుముకి రాయి వాడిన రోజుల్లో దూదికి గొప్ప విలువ ఉండేది. చెకుముకి అంటే ఇప్పుడు చాలామందికి పిల్లల సైన్సు పత్రికే గుర్తొస్తుంది గాని, ఒకప్పుడది ఇంటింటి సామాను. రాయినీ ఉక్కునూ కొడితే రాలే రవ్వ క్షణం కూడా బతకదు. దాన్ని పట్టి కణకణలాడించడానికి సన్నటి, పొడి పీచు కావాలి. బూరుగు దూది అలాంటిదే. జీలుగు చెట్టు మట్టల మొదట్లో గోధుమరంగు ఉన్నిలా ఉండే పీచూ అలాంటిదే. ఈ కొండల్లోని కొండరెడ్లకు జీలుగంటే కల్లూ, కరువులో దాని మాను లోపలి పిండీ కూడా. 1941లో ఈ పాపికొండల్లోనే వాళ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్లమీద పుస్తకం అచ్చువేసిన ఆస్ట్రియా శాస్త్రవేత్త హైమెండార్ఫ్ రాతల నిండా ఆ చెట్టు ఉంటుంది. అయితే ఆ పీచు పని రవ్వను పట్టడం వరకే. తడి పుల్లను ఆరబెట్టి, ఆ తర్వాత అంటించేంత ఓపిక దానికి లేదు. లైటర్ చేతిలో ఉన్నవాడికి కావాల్సింది ఆ ఓపికే.

కొడుకు కత్తి తీసుకుని వెదురు పొదకు వెళ్లాడు. కింద పడి ఉన్న బొంగును తీయబోతే వెనకనుంచి కేక. “పడింది వద్దు, నిలబడి ఎండింది తే.” నేలమీది బొంగు వారం ముసురుకు నానిపోయి ఉంటుంది. పొదలో నిలబడే చచ్చిన బొంగు మీద నీళ్లు జారిపోతాయి, లోపల ఎండుగానే ఉంటుంది. తెచ్చి కణుపు కణుపునా చీల్చాడు. చీల్చకుండా మంటలో పెడితే లోపలి గాలి వేడెక్కి తుపాకీ పేలినట్టు పేలుతుంది, ఆ భయం అక్కడి పిల్లలకు కూడా తెలుసు. కోడలు చీలికల లోపలి వైపు కత్తి అంచుతో గీకింది. వెంట్రుకల్లాంటి గీకుడు ఒడిలో రాలింది. చెమ్మ తగలకుండా దాన్ని బియ్యం మూట కింద దాచింది.

పక్కాయన సైకిల్ ట్యూబు ముక్కతో వచ్చాడు. వానలోనూ మండుతుంది, అబద్ధం కాదు. కాని ఆ నల్లపొగలో, బరకం కింద, పసిపిల్లల పక్కన! ముసలామె చేత్తోనే అవతలకు పొమ్మంది.

అప్పుడు కొంగుముడి విప్పింది. మాత్రలొచ్చిన చిన్న ప్లాస్టిక్ డబ్బా, బిగుతు మూత. లోపల హారతి కర్పూరం బిళ్లలు, వాటి మధ్య మూడు మిరియాలు. శ్రీరామనవమికి వెళ్లినప్పుడు భద్రాచలం గుడి దగ్గర కొన్నది. మిరియాలు వేస్తే కర్పూరం హరించుకుపోదని పెద్దల నమ్మకం. కాపాడేది మిరియమా, మూతా అంటే నా ఓటు మూతకే. ఆమెతో వాదించే ధైర్యం మాత్రం నాకు లేదు.

కర్పూరం నీటిని పీల్చుకోదు. నీళ్లమీద తేలుతూ కూడా మండుతుంది, ఎందుకంటే మండేది దానినుంచి లేచే ఆవిరి. పాపికొండలకో కిన్నెరసానికో వెళ్లే కుర్రకారు ఏం పట్టుకెళ్లాలని అడిగితే, వేజ్‌లీన్ పట్టించిన దూది ఉండలు మంచివే గాని, నేను చెప్పేది ఈ డబ్బా గురించే. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరమని కూడా చెబుతాను. వేసవిలో ఆకు రాలిన అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు. వరదలో గుట్టెక్కినవాళ్ల సంగతి వేరు.

తడినేల మీద వెదురు చీలికలు చాపలా పరిచారు. నేలమీదే పెడితే ఆ చెమ్మకే మంట ఆరిపోతుంది. పైన రెండు బిళ్లలు, వాటిమీద గీకుడు, దానిమీద అగ్గిపుల్లంత చితుకులు. లైటర్ తగిలింది. నీలంగా, పచ్చగా, నింపాదిగా మండింది. కొడుకు లావుపాటి కట్టె అందుకోబోతే ముసలామె చెయ్యి పట్టుకుంది. చితుకులు చిటపటలాడేదాకా వదల్లేదు.

అన్నం ఉడికేసరికి పిల్లలు నిద్రపోయారు. లేపి తినిపించారు. మిగిలిన బిళ్లలు లెక్కపెట్టి, మిరియాలు జాగ్రత్తగా లోపల వేసి, మూత బిగించిందామె. కణికల మీద బూడిద కప్పింది.

16వ తేదీ తెల్లవారుజామున భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరి, అక్కడినుంచి దిగడం మొదలుపెట్టింది. గుట్ట మీద ఆ కబురు ఇంకా ఎవరికీ అందలేదు. పక్క బరకం ఆడమనిషి గరిటె పట్టుకుని వచ్చి నిలబడింది.

“అవ్వా, కాస్త నిప్పు.”

ముసలామె పుల్లతో బూడిద పక్కకు నెట్టి, గరిటెలో రెండు కణికలు వేసింది.