అంబాసిడరా, ఫియటా? మన తండా వైపు నుంచి చూస్తే

మొన్న హాస్టల్లో కరెంటు పోయినప్పుడు మా మధ్య ఒక వాదన లేచింది. పాత కార్లలో ఏది గట్టిది, అంబాసిడరా, ఫియటా? ఆదోని పిల్లోళ్ళు ఒక పక్క, ఎమ్మిగనూరు వాళ్ళు ఒక పక్క. వాదన తెగలేదు గానీ, చదివేకొద్దీ విషయం మన చరిత్ర దాకా వచ్చింది. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

ముందు లెక్కలు. అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్. కలకత్తా దగ్గర హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు 1950ల చివరి నుంచి 2014 దాకా దాన్ని తయారు చేసినారు. ఫియట్ మూలం ఇటలీది. బొంబాయిలో ప్రీమియర్ కంపెనీ తయారు చేసేది. 1970లలో పేరు ప్రీమియర్ పద్మిని అని మారినా, జనం నోట్లో అది ఫియటే.

అంబాసిడర్ పెట్రోలు ఇంజను 1489 సీసీ, సుమారు 50 హార్స్‌పవర్. ఫియట్‌ది 1089 సీసీ, సుమారు 40. పైకి అంబాసిడర్‌దే పైచేయి. కానీ బరువు కూడా చూడాల. ఫియట్ 900 కిలోల లోపే, అంబాసిడర్ 1100 దాటుతుంది. బరువుతో భాగిస్తే రెండింటి బలం దాదాపు సమానం! ఫియట్ చిన్నది, టౌను సందుల్లో సులభంగా తిరుగుతుంది. అంబాసిడర్‌కి చక్రాలు పెద్దవి, వెనక సీటు వెడల్పు. 1980 ప్రాంతంలో డీజిల్ ఇంజను కూడా వచ్చింది. బలం తగ్గినా ఖర్చు తగ్గింది, బాడుగకు పనికొచ్చింది.

మరి ఈ లెక్కల్లో మనం ఎక్కడున్నాం? ఆ రోజుల్లో డబ్బున్నోళ్ళు కూడా కారు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసేవాళ్ళు. మా తండాలో తెల్ల అంబాసిడర్ కనిపిస్తే ఎవరో ఆఫీసరు వచ్చినాడని అర్థం. రెండోసారి వస్తే అది బాడుగ కారు. మాలో ఒకరి జేజికి కాన్పు కష్టమైతే, రేగడి బురదలో ఆదోని నుంచి అంబాసిడర్ పిలిపించినారంట. బాడుగ కట్టడానికి రెండు మేకలు అమ్మినారు. బిడ్డ బతికింది. ఆ బిడ్డే మా వాడి అమ్మ.

ఇక్కడే మనసు కలుక్కుమంటుంది. మా సుగాలీలు అసలు రవాణా చేసినోళ్ళే కదా! ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని దేశమంతా తిరిగినారు. 17వ శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, పది పన్నెండు వేల ఎద్దుల బిడారుల గురించి రాసినాడు. 1871లో ఆదోని మీదుగా మద్రాసు, బొంబాయి రైలు మార్గం కలిసింది. రైళ్ళు, రోడ్లు పెరిగేకొద్దీ ఎద్దుల పని పోయింది. దారులన్నీ తెలిసినోళ్ళు, ఒక్క ప్రయాణానికి మేకలు అమ్ముకునే స్థితికి వచ్చినారు. ఇప్పుడు మన వైపు నుంచి ఎందరో మిరపకోతలకు గుంటూరు వలస పోతున్నారు.

మా ఓటు అంబాసిడర్‌కే. ఇంజను చూసి కాదు, తండా గడప దాకా వచ్చిందని.

మీ జేజిని, తాతను ఒక మాట అడగండి: మీరు మొదట ఎక్కిన బండి ఏది, ఎందుకు ఎక్కినారు, బాడుగ ఎంత? వాళ్ళు ఉన్నప్పుడే రాసి పెట్టుకుందాం. ఈ చరిత్ర మనమే రాయాల.