పునరుత్పాదక ఇంధన రంగంలో ప్రభుత్వ టెండర్లు: ప్రకటన నుంచి ఒప్పందం వరకు

సౌర, పవన విద్యుత్ ప్రాజెక్టులకు ప్రభుత్వ సంస్థలు టెండర్లు పిలిచిన ప్రతిసారీ పత్రికలలో ప్రముఖంగా కనిపించేది ఒకే ఒక్క అంకె. అది యూనిటు ధర. ఆ ధర ఏ విధంగా ఖరారైంది, టెండరు దక్కించుకున్న సంస్థ విద్యుత్ సరఫరా చేసే దశ వరకు వెళ్ళగలదా, చిన్న పరిశ్రమలకు ఇందులో ప్రవేశం ఎక్కడ ఉంది అనే విషయాలు మరుగున పడిపోతున్నాయి. పాత్రికేయులు, జిల్లా స్థాయి అధికారుల ఉపయోగార్థం ఈ ప్రక్రియను దశల వారీగా ఇక్కడ వివరించడం జరిగింది.

ముందుగా గుర్తించవలసింది, ఈ రంగంలో కాంట్రాక్టు అనే ఒకే మాటకు మూడు వేర్వేరు అర్థాలు ఉన్నాయన్న సంగతి. మొదటిది విద్యుత్ కొనుగోలు ఒప్పందం. ఇందులో సంస్థ సొంత పెట్టుబడితో ప్లాంటు నిర్మించి, సాధారణంగా 25 సంవత్సరాల పాటు నిర్ణీత ధరకు విద్యుత్తును విక్రయిస్తుంది. రెండవది నిర్మాణ కాంట్రాక్టు. ప్లాంటు ప్రభుత్వ రంగ సంస్థ సొంతం కాగా, గుత్తేదారు దానిని నిర్మించి అప్పగిస్తాడు. 2022లో పూర్తి స్థాయిలో ప్రారంభమైన రామగుండం 100 మెగావాట్ల నీటిపై తేలే సౌర ప్లాంటు ఇటువంటిదే. ప్లాంటు ఎన్టీపీసీది, నిర్మాణం బీహెచ్ఈఎల్‌ది. మూడవది సరఫరా కాంట్రాక్టు. సౌర పంపుసెట్లు, వీధి దీపాలు, కార్యాలయ భవనాల పైకప్పులపై పలకల ఏర్పాటు దీని కిందకు వస్తాయి. మొదటి తరహా టెండరు ఖరారైనప్పుడు వేల కోట్ల రూపాయల పనిని ప్రభుత్వం కట్టబెట్టిందని వార్తలు రావడం పరిపాటి. వాస్తవానికి అక్కడ ప్రభుత్వం ముందుగా ఒక్క రూపాయి కూడా చెల్లించదు. భారం పడేది ఆ తరువాత, నెలనెలా, డిస్కంల ద్వారా, వినియోగదారుని బిల్లు మీద.

విద్యుత్ చట్టం, 2003 ప్రకారం ధర నిర్ణయానికి రెండు మార్గాలున్నాయి. 62వ సెక్షను కింద విద్యుత్ నియంత్రణ మండలి స్వయంగా ధరను నిర్ణయిస్తుంది. 63వ సెక్షను కింద పారదర్శకమైన పోటీ బిడ్డింగు ద్వారా వచ్చిన ధరను మండలి ఆమోదిస్తుంది. 2010 జనవరిలో జాతీయ సౌర మిషన్ ప్రారంభమైన తరువాత కేంద్ర మండలి సౌర విద్యుత్తుకు నిర్ణయించిన ధర యూనిటుకు 17 రూపాయల 91 పైసలు. దానిపై ఎవరు ఎక్కువ తగ్గింపు ఇస్తారన్న ప్రాతిపదికన ఎన్టీపీసీ అనుబంధ విద్యుత్ వ్యాపార సంస్థ అదే సంవత్సరం బిడ్లు పిలువగా, కనిష్ఠ ధర 10 రూపాయల 95 పైసలుగా తేలింది. 2011 నాటికి అది 7 రూపాయల 49 పైసలకు దిగింది. 2017 మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లా సౌర పార్కుకు భారత సౌర ఇంధన సంస్థ (సెకీ) నిర్వహించిన వేలంలో 2 రూపాయల 44 పైసలు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలు నమోదయ్యాయి. అంతర్జాతీయ విపణిలో సౌర పలకల ధరలు పడిపోవడం, చౌకగా రుణాలు లభించడం, సౌర పార్కులలో భూమి, విద్యుత్ తరలింపు లైన్లు సిద్ధంగా ఉండడం, చెల్లింపులకు సెకీ వంటి మధ్యవర్తి సంస్థల భరోసా దొరకడం ఇందుకు కారణాలు. కనుక పదేళ్ళ నాటి ధరను నేటి ధరతో పోల్చి పాత ఒప్పందంలో అక్రమం జరిగిందనడం, ఇతర ఆధారాలేవీ లేనప్పుడు, తొందరపాటే అవుతుంది.

సౌర విద్యుత్ బిడ్డింగుకు కేంద్ర ప్రభుత్వం 2017 ఆగస్టులోను, పవన విద్యుత్తుకు అదే ఏడాది డిసెంబరులోను మార్గదర్శకాలు జారీ చేసింది. ఈ తరహా టెండర్లలో ముందుగా సాంకేతిక బిడ్లు తెరిచి అర్హులను గుర్తిస్తారు. వారి ధరల బిడ్లు తెరిచిన తరువాత చాలా టెండర్లలో ఎలక్ట్రానిక్ రివర్స్ వేలం ఉంటుంది. తెరపై కనిష్ఠ ధరను చూస్తూ పోటీదారులు పైసల వారీగా తగ్గించుకుంటూ పోతారు. పోటీలో గెలవాలన్న పట్టుదల లెక్కను మించిపోయేది ఈ దశలోనే. గిట్టుబాటు ధరను ముందుగానే కాగితంపై వ్రాసుకొని, అంతకు దిగువకు పోకుండా తప్పుకోగల సంస్థలే ఈ రంగంలో నిలబడుతున్నాయి.

ఈ సందర్భంగా కర్నూలు అనుభవం పేర్కొనదగినది. ఓర్వకల్లు, గడివేముల పరిసరాలలో నెలకొల్పిన 1,000 మెగావాట్ల సౌర పార్కులో 500 మెగావాట్లకు ఎన్టీపీసీ 2015 నవంబరులో నిర్వహించిన వేలంలో అమెరికాకు చెందిన సన్ఎడిసన్ సంస్థ యూనిటుకు 4 రూపాయల 63 పైసల ధరకు విజేతగా నిలిచింది. అప్పటికి దేశంలో అదే కనిష్ఠ ధర. ఆరు నెలలు తిరగకుండానే, 2016 ఏప్రిల్‌లో ఆ సంస్థ అమెరికాలో దివాలా పిటిషను దాఖలు చేసింది. అందుకు ఈ ఒక్క ధరే కారణం కాదు. ప్రపంచవ్యాప్తంగా సంస్థలను కొనుగోలు చేస్తూ చేసిన అప్పులు దానిని ముంచాయి. హైదరాబాదు కేంద్రంగా గల గ్రీన్‌కో సంస్థ సన్ఎడిసన్ భారతదేశ ఆస్తులను స్వాధీనం చేసుకోవడంతో ప్రాజెక్టు ముందుకు సాగింది. 2017లో పార్కు పూర్తి సామర్థ్యానికి చేరుకుంది. బిడ్డరు నికర విలువ, అప్పుల భారం, బ్యాంకు గ్యారంటీలను టెండరు కమిటీ ఎందుకంత నిశితంగా పరిశీలించాలో ఈ ఉదంతం తెలియజేస్తుంది. ధర ఎంత తక్కువైనా సరఫరా జరగని విద్యుత్తు ఎవరికీ ఉపయోగపడదు.

ఒప్పందం కుదిరాక కూడా వివాదాలు తప్పవు. ఆంధ్రప్రదేశ్‌లో గతంలో కుదిరిన పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను పునఃసమీక్షించేందుకు 2019 జూలైలో ప్రభుత్వం ఉన్నత స్థాయి సంప్రదింపుల కమిటీని నియమించింది. పవన విద్యుత్తుకు అంతకు ముందు నియంత్రణ మండలి నిర్ణయించిన ధర 4 రూపాయల 84 పైసల వరకు ఉండగా, 2017 ఫిబ్రవరిలో జరిగిన తొలి జాతీయ వేలంలో 3 రూపాయల 46 పైసలే పలకడం ఈ అసంతృప్తికి నేపథ్యం. ఉత్పత్తిదారులు హైకోర్టును ఆశ్రయించగా, అదే ఏడాది సెప్టెంబరులో ఏకసభ్య ధర్మాసనం తాత్కాలికంగా పవన విద్యుత్తుకు 2 రూపాయల 43 పైసలు, సౌర విద్యుత్తుకు 2 రూపాయల 44 పైసల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. 2022 మార్చిలో ద్విసభ్య ధర్మాసనం ఆ ఉత్తర్వులను కొట్టివేసి, ఒప్పందాలలోని ధరల మేరకే బకాయిలు చెల్లించాలని తీర్పు చెప్పింది. మధ్యలో గడిచిన రెండున్నరేళ్ళు ఉత్పత్తిదారులకు రుణ వాయిదాల భారంగాను, డిస్కంలకు పేరుకుపోయిన బకాయిగాను మిగిలాయి. బిడ్డు వేసే ముందు ధరతో పాటు చెల్లింపు భరోసా నిబంధనను, చట్టం మారితే పరిహారం చెల్లించే నిబంధనను చదవవలసిన అవసరం ఇందువల్లనే ఏర్పడుతున్నది.

ఇక టెండరు ప్రకటనలు ఎక్కడ లభిస్తాయన్నది. కేంద్ర సంస్థల ప్రకటనలు కేంద్ర ప్రభుత్వ సేకరణ పోర్టల్‌లో ఉంటాయి. వస్తువులు, సేవల కొనుగోలుకు 2016 ఆగస్టులో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్ (జెమ్) ప్రధాన వేదిక. భారీ విద్యుత్ కొనుగోలు టెండర్లకు సెకీ, ఎన్టీపీసీ, ఎన్‌హెచ్‌పీసీ, ఎస్‌జేవీఎన్ సంస్థలను కేంద్రం 2023లో అమలు సంస్థలుగా గుర్తించింది. రాష్ట్ర స్థాయిలో ఆంధ్రప్రదేశ్‌లో నెడ్‌క్యాప్, తెలంగాణలో రెడ్కో, ఉభయ రాష్ట్రాల డిస్కంలు టెండర్లు పిలుస్తుంటాయి. వీటికి ఆయా రాష్ట్రాల ఈ-ప్రొక్యూర్‌మెంట్ వేదికలున్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఈ విధానం 2003లో మొదలైంది. అంతకు పూర్వం కార్యాలయం గుమ్మం వద్ద టెండరు పెట్టెకు కాపలా కాసి, ఇతరులను షెడ్యూలు వేయనీయని రోజులు పాత గుత్తేదారులకు విదితమే.

కేంద్ర ఆర్థిక నిబంధనలు, 2017 ప్రకారం బహిరంగ టెండరులో బిడ్లు దాఖలు చేయడానికి సాధారణంగా మూడు వారాల వ్యవధి ఇవ్వవలసి ఉంటుంది. ఆ వ్యవధిలో జరిగే బిడ్డు పూర్వ సమావేశానికి హాజరు కావడం, సందేహాలను వ్రాతపూర్వకంగా అడగడం మంచిది. అక్కడ లేవనెత్తిన అభ్యంతరాల మీదనే సవరణ పత్రాలు వెలువడుతాయి. మూల ప్రకటన చూసి, సవరణలు చూడక అనర్హత పాలయ్యే వారు తక్కువేమీ కాదు. ధరావతు సాధారణంగా అంచనా విలువలో 2 నుంచి 5 శాతం. గ్యారంటీ పత్రంలోని పాఠం, కాలపరిమితి టెండరులో ఇచ్చిన నమూనాతో అక్షరమక్షరం సరిపోవాలి. ఇది లాంఛనం కాదు. 2024లో బ్యాటరీ నిల్వ టెండరులో ఒక బిడ్డరు విదేశీ బ్యాంకు పేరిట సమర్పించిన గ్యారంటీ నకిలీదని తేలడంతో, రివర్స్ వేలం ముగిసిన తరువాత కూడా సెకీ ఆ టెండరును రద్దు చేయవలసి వచ్చింది.

సాంకేతిక నిబంధనలలో సౌర పలకల మూలం కీలకం. కేంద్ర నవ్య, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2019 జనవరి ఉత్తర్వులతో ఆమోదిత నమూనాలు, తయారీదారుల జాబితాను ప్రవేశపెట్టింది. 2023-24లో కొంత సడలించి, 2024 ఏప్రిల్ 1 నుంచి తిరిగి అమలులోకి తెచ్చింది. సబ్సిడీతో కూడిన పలు పథకాలలో దేశీయ సెల్స్, పలకలనే వాడాలన్న షరతు ఉంది. భూ సరిహద్దు గల దేశాల బిడ్డర్లు ముందుగా నమోదు పొందాలన్న నిబంధన 2020 జూలై నుంచి వర్తిస్తున్నది.

చిన్న పరిశ్రమల విషయానికి వస్తే, కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వ రంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్ళలో 25 శాతం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి జరపాలని 2012 నాటి విధానం, 2018 సవరణ నిర్దేశిస్తున్నాయి. అందులో 4 శాతం షెడ్యూల్డు కులాలు, తెగల వారి సంస్థలకు, 3 శాతం మహిళల సంస్థలకు కేటాయించారు. కనిష్ఠ ధర కంటే 15 శాతం లోపు ఎక్కువగా కోట్ చేసిన చిన్న సంస్థ, ఆ కనిష్ఠ ధరకు అంగీకరిస్తే పనిలో కొంత భాగం పొందవచ్చు. ధరావతు నుంచి మినహాయింపు కూడా ఉంది. ఉద్యమ్ నమోదు ఇందుకు ఆధారం. అయితే ఈ వెసులుబాట్లు వస్తువులు, సేవలకే గాని నిర్మాణ పనులకు వర్తించవు. పలకల సరఫరా, బిగింపు, సివిల్ పనులు కలిపి ఒకే టెండరుగా పిలిచినప్పుడు చిన్న సంస్థ ఆ నిర్వచనం వద్దనే ఆగిపోతున్నది. పనిని విభజించి పిలిచే అవకాశం ఉన్నచోట అధికారులు దానిని పరిశీలించడం సముచితం.

2019లో ఆమోదం పొందిన పీఎం-కుసుమ్ పథకం చిన్న సంస్థలకు, రైతులకు మరో ద్వారం తెరిచింది. వ్యవసాయ సౌర పంపుసెట్ల విభాగంలో కేంద్రం 30 శాతం, రాష్ట్రం 30 శాతం భరించగా, మిగిలినది రైతు వాటా. సరఫరాదారుపై ఐదేళ్ళ నిర్వహణ బాధ్యత ఉంటుంది. ధర కోట్ చేసేటప్పుడు చాలామంది తక్కువగా లెక్క వేసేది ఈ ఐదేళ్ళ ఖర్చునే. మోటారు ఆగిపోయిన రోజున మండల కేంద్రంలో మెకానిక్కు లేకపోతే ఎండేది రైతు పైరు. మరో విభాగంలో 500 కిలోవాట్ల నుంచి 2 మెగావాట్ల వరకు ప్లాంట్లను రైతులు, సహకార సంఘాలు సబ్‌స్టేషనుకు చేరువలోని తమ భూములలో నెలకొల్పవచ్చు. దరఖాస్తులు ప్రకటించిన సామర్థ్యాన్ని మించినప్పుడే అక్కడ బిడ్డింగు జరుగుతుంది. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకానికి టెండరు పోటీ లేదు. నమోదైన విక్రేతలలో ఒకరిని గృహ యజమాని ఎంచుకుంటారు.

టెండరులో గెలిచిన సంస్థకు ఇచ్చే అవార్డు పత్రం ఒప్పందం కాదన్న విషయం పాత్రికేయులు ప్రత్యేకించి గమనించాలి. సెకీ వంటి సంస్థ ఆ విద్యుత్తును కొనే డిస్కంను వెదికి విక్రయ ఒప్పందం చేసుకోవాలి. ఆ తరువాతే ఉత్పత్తిదారుతో కొనుగోలు ఒప్పందం కుదురుతుంది. మరింత చౌక విద్యుత్తు వస్తుందని డిస్కంలు వేచి చూడడం, తరలింపు లైన్లు సిద్ధం కాకపోవడం వంటి కారణాలతో 2025లో దేశవ్యాప్తంగా సుమారు 40 వేల మెగావాట్ల సామర్థ్యం అవార్డు పత్రాల దశలోనే నిలిచి ఉంది. కాబట్టి ఏదైనా ప్రాజెక్టు గురించి వ్రాసేటప్పుడు అది ప్రకటన, అవార్డు, ఒప్పందం, ధర ఆమోదం, ప్రారంభం అనే దశలలో ఎక్కడ ఉన్నదో పేర్కొనడం పాఠకులకు మేలు చేస్తుంది. ధర ఆమోదం కోరుతూ 63వ సెక్షను కింద దాఖలయ్యే పిటిషన్లపై వెలువడే ఉత్తర్వులను రాష్ట్ర నియంత్రణ మండళ్ళు తమ వెబ్‌సైట్లలో ఉంచుతున్నాయి. బిడ్డింగు జరిగిన తీరు, ధర నిగ్గు తేలిన వైనం ఆ ఉత్తర్వులలో లభిస్తాయి.